మనిషి ఇంటిపేరు పెట్టుకున్న ఊరు

మన తెలుగునాట ఇంటిపేర్లు చాలావరకు ఊరి పేర్ల నుంచి వచ్చినవే. ఎప్పుడో తాతముత్తాతలు ఒక ఊరు విడిచి మరో ఊరు చేరితే, వదిలి వచ్చిన ఊరి పేరు వాళ్ళ ఇంటిపేరుగా నిలిచిపోయింది. ఇటలీ దేశంలోని ఒక కొండపల్లెలో మాత్రం ఈ వ్యవహారం తిరగబడింది. అక్కడ ఊరే ఒక మనిషి ఇంటిపేరు పెట్టుకుంది. ఆ ఊరు కస్తెల్లానియా. ఆ మనిషి సైకిల్ పందేల వీరుడు ఫౌస్టో కొప్పి. అతడు పుట్టి నూరేళ్ళు నిండిన 2019లో ఆ ఊరి పేరును అధికారికంగా ‘కస్తెల్లానియా కొప్పి’ అని మార్చారు.

నూరుమంది జనాభా కూడా లేని ఊరది. ఆ ఊరి బిడ్డ ప్రపంచం మెచ్చిన విజేత అయ్యాడు. నలభై యేళ్ళకే, దోమకాటు జ్వరాన్ని వైద్యులు గుర్తించలేక కన్నుమూశాడు. అతడి గెలుపు కథలో ఆ ఊరికీ చుట్టుపక్కల పల్లెలకూ ఎంత వాటా ఉందో, అతడి చావు కథలో మన పల్లెలు తెలుసుకోవలసిన సంగతి అంత ఉంది.

సన్నకారు రైతు ఇంట

కస్తెల్లానియా ఇటలీకి వాయవ్యాన, పియెమోంతే ప్రాంతంలోని అలెస్సాండ్రియా జిల్లాలో ఉంది. చుట్టూ గుట్టలు, వాటి వాలున ద్రాక్షతోటలు, గోధుమ చేలు. అక్కడ దొమేనికో కొప్పి, ఆంజియోలినా అనే వ్యవసాయ దంపతులకు 1919 సెప్టెంబరు 15న ఫౌస్టో పుట్టాడు. అయిదుగురు పిల్లల్లో నాలుగోవాడు. అతడి తర్వాత పుట్టిన ఆఖరివాడు సేర్సే. ఈ అన్నదమ్ముల కథ ముందు ముందు వస్తుంది.

ఫౌస్టో చిన్నప్పుడు బక్కపలచని పిల్లవాడు. కాళ్ళు పొడుగు, ఛాతీ ముందుకు పొడుచుకు వచ్చి ఉండేది. చూసినవాళ్ళెవరూ వీడు బలశాలి అవుతాడని అనుకోలేదు. ఎనిమిదేళ్ళ వయసులో ఒక పాత సైకిల్ దొరికితే దాన్ని తొక్కుతూ బడి ఎగ్గొట్టాడు. ‘నేను బడిలో ఉండాలి గాని సైకిల్ మీద కాదు’ అని నూరుసార్లు రాయమని పంతులమ్మ శిక్ష వేసింది. ఆ రాత వల్ల బుద్ధి ఏమీ మారలేదని వేరే చెప్పనక్కరలేదు.

అంతమందికి తిండి పెట్టగల భూమి కాదు అది. పదమూడేళ్ళకే ఫౌస్టో చదువు మాని, సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఉన్న నోవి లిగూరే పట్నంలో ఒక మాంసం దుకాణంలో పనికి కుదిరాడు. ఖాతాదారుల ఇళ్ళకు సైకిల్ మీద మాంసం పొట్లాలు చేర్చడం అతడి పని. ఊరికి రావాలన్నా సైకిలే, పట్నం పోవాలన్నా సైకిలే. దారి పొడుగునా ఎగుడు దిగుడు గుట్టలు. కొండ ఎక్కేటప్పుడు కొప్పిని పట్టగలవాడు లేడని తర్వాత లోకమంతా చెప్పుకున్నది. ఆ కాళ్ళకు మొదట తర్ఫీదు ఇచ్చింది ఆ పొట్లాల సంచీ, ఆ గుట్టల దారి.

వాళ్ళ ఇంటివాళ్ళలో ఒకాయన వ్యాపార ఓడల మీద అధికారి. ఆయన పేరూ ఫౌస్టోయే. ఆయన కొంత, తండ్రి కొంత వేసుకుని పిల్లవాడికి పందెం సైకిల్ కొనడానికి డబ్బు ఇచ్చారు. పదిహేనేళ్ళప్పుడు, ఏ క్లబ్బులోనూ చేరని కుర్రవాళ్ళ పందెంలో ఫౌస్టో గెలిచాడు. బహుమతి 20 లీరాలు, మాంసం పెట్టిన రొట్టె ఒకటి. 1938లో పందేలకు లైసెన్సు తీసుకుని, మాంసం దుకాణానికి దగ్గరలోని కస్తెల్లెత్తో దోర్బా అనే ఊళ్ళో ఒంటరిగా ముందుకు పోయి గెలిచాడు. అప్పుడు వచ్చింది ఒక అలారం గడియారం.

చూపులేని గురువు

నోవి లిగూరేలో బియాజియో కవన్నా అనే మర్దనా నిపుణుడు ఉండేవాడు. అదే పట్నంలో పుట్టిన వెనుకటి తరం విజేత కోస్తాంతే జిరార్దెంగోకు కండరాలు పిసికినవాడు. నడివయసులో చూపు పూర్తిగా పోయింది. అయినా పందెగాడి తొడ మీద చెయ్యి వేసి, గుండె చప్పుడు విని, వీడు ఎంతవరకు రాగలడో చెప్పేవాడని పేరు.

కవన్నా చేతికి కొప్పి చిక్కాడు. వంటి తీరు చూసి లోకం పెదవి విరిస్తే, ఆ గుడ్డివాడు మాత్రం ఊపిరితిత్తుల సత్తా, నెమ్మదిగా కొట్టుకునే గుండె గమనించాడు. పేరుమోసిన లెగ్నానో జట్టు నిర్వాహకుడికి కొప్పిని గురించి సిఫార్సు చేశాడు. ఏమి తినాలి, ఎప్పుడు పడుకోవాలి, రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కాలి అన్నవన్నీ నేర్పాడు. కొప్పి ఎంత పెద్దవాడైనా కవన్నాను విడిచిపెట్టలేదు.

ఒక సంగతి దాచకూడదు. ఆ రోజుల్లో పందెగాళ్ళు అలసట తెలియకుండా ఉత్తేజక మందులు వాడేవాళ్ళు. అప్పటికి వాటిపై నిషేధం లేదు. కొప్పి కూడా వాడాడు. వాడానని బాహాటంగానే ఒప్పుకున్నాడు.

ఇరవై యేళ్ళకే విజేత

ఇటలీలో ‘జిరో దితాలియా’ అనే సైకిల్ పందెం ఉంది. మూడు వారాలపాటు రోజుకొక ఊరి నుంచి మరో ఊరికి తొక్కుతూ దేశమంతా తిరుగుతారు. అన్ని రోజులదీ కలిపి తక్కువ సమయం పట్టినవాడు విజేత. ఆధిక్యంలో ఉన్నవాడు గులాబీ రంగు చొక్కా తొడుగుతాడు. ఫ్రాన్సులో ఇలాంటిదే ‘టూర్ ద ఫ్రాన్స్’. అక్కడ చొక్కా రంగు పసుపు.

1940 ఇటలీ పందెంలో లెగ్నానో జట్టు నాయకుడు జినో బార్తలి. అంతకు ముందే ఇటలీ పందెం రెండుసార్లు, ఫ్రాన్స్ పందెం ఒకసారి గెలిచిన మొనగాడు. కొప్పి అతడికి సాయపడడానికి వచ్చిన కొత్త కుర్రవాడు. రెండో రోజునే బార్తలి పడి దెబ్బతిన్నాడు. కొన్నాళ్ళకు అపెన్నైన్ కొండల్లో, దారుణమైన వాతావరణంలో కొప్పి అందరినీ వెనక్కు నెట్టి ముందుకు వచ్చాడు. ఆ తర్వాత బార్తలే అతడికి సాయం పట్టవలసి వచ్చింది. 1940 జూన్ 9న పందెం ముగిసింది. ఇరవై యేళ్ళకే కొప్పి విజేత. అంత చిన్న వయసులో ఆ పందెం గెలిచినవాడు మరొకడు లేడు.

మరునాడు, జూన్ 10న, ఇటలీ యుద్ధంలోకి దిగింది.

కొప్పి అప్పటికే సైన్యంలో జవాను. యుద్ధం నడుస్తుండగానే 1942 నవంబరు 7న మిలాన్ నగరంలోని విగొరెల్లి మైదానంలో, గంట సేపట్లో ఎంత దూరం తొక్కగలడో తేల్చే ప్రయత్నం చేశాడు. విమానాల బాంబులతో ఆ నగరం అట్టుడుకుతున్న రోజులవి. అతడు తొక్కిన దూరం 45.798 కిలోమీటర్లు. పాత రికార్డు కన్నా కేవలం 31 మీటర్లు ఎక్కువ. ఆ 31 మీటర్ల ఆధిక్యం 1956 దాకా, దాదాపు 14 యేళ్ళు చెక్కుచెదరలేదు.

1943లో కొప్పిని ఆఫ్రికాకు పంపారు. ట్యునీసియాలో బ్రిటిష్ సేనలకు ఖైదీగా చిక్కాడు. శిబిరంలో క్షవరం చేసే పని కూడా చేశాడు. ఒక బ్రిటిష్ సైనికుడు, తానూ సైకిల్ పందెగాడే, తన జుట్టు కత్తిరిస్తున్నది కొప్పి అని గుర్తుపట్టి నోట మాట రాక కూర్చుండిపోయాడట.

1945 నాటికి కొప్పిని ఇటలీకి తెచ్చి, నేపుల్స్ దగ్గర కసేర్తాలో ఒక బ్రిటిష్ అధికారికి సేవకుడిగా పెట్టారు. అక్కడ అతడికి తొక్కడానికి సైకిల్ లేదు. ఈ సంగతి తెలిసి నేపుల్స్ పత్రిక ఒకటి, కొప్పికి ఎవరైనా సైకిల్ ఇవ్వండని ప్రకటించింది. దగ్గరి పల్లెకు చెందిన ఒక వడ్రంగి తన సైకిల్ తెచ్చి ఇచ్చాడు. యుద్ధం ముగిశాక వంతెనలు కూలి, రైళ్ళు లేని దేశంలో కొంత దూరం సైకిల్ మీద, కొంత దూరం లారీల మీద కొప్పి ఇల్లు చేరాడు.

1946 మార్చి 19న మిలాన్ నుంచి శాన్ రెమో దాకా పందెం పెట్టారు. యుద్ధానంతరం ఇటలీలో మొదటి పెద్ద పందెం అదే. ఆ దారి కొప్పికి చిన్నప్పటి నుంచి తెలిసిన నోవి లిగూరే మీదుగానే పోతుంది. రెండవవాడు చేరేసరికి కొప్పి వచ్చి 14 నిమిషాలు అయింది.

రెండు వర్గాలైన దేశం

అక్కడి నుంచి దేశం రెండుగా చీలింది. ఒక పక్షం బార్తలిది, ఒక పక్షం కొప్పిది. బార్తలి టస్కనీ వాడు, గుడి విడువని భక్తుడు. కొప్పి మాట తక్కువ మనిషి, కొత్త పద్ధతులవాడు. పాతకాలం వాళ్ళు, చర్చిని నమ్మినవాళ్ళు బార్తలి వైపు, కొత్త తరం వాళ్ళు, కార్మికులు కొప్పి వైపు అని జనం లెక్క వేసుకున్నారు. మన పల్లెల్లో రామారావు అభిమానులు, నాగేశ్వరరావు అభిమానులు అరుగుల మీద ఎలా వాదులాడుకునేవారో, ఇటలీ కాఫీ దుకాణాల్లో ఆ రోజుల్లో అలాగే జరిగింది.

1949 జూన్ 10న ఇటలీ పందెంలో కునేయో నుంచి పినెరోలో దాకా 254 కిలోమీటర్ల దారి. అయిదు ఆల్ప్స్ కనుమలు దాటాలి. మొదటి కనుమ దగ్గరే కొప్పి విడిపోయాడు. ఆ తర్వాత 192 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కాడు. రెండవవాడుగా వచ్చిన బార్తలికీ అతడికీ మధ్య దాదాపు 12 నిమిషాల ఎడం. ఆ రోజు దారిలో ఒక్కడే ముందున్నాడని రేడియోలో చెప్పిన మాటలు ఇటలీలో ముసలివాళ్ళకు కంఠతా వచ్చు.

అదే సంవత్సరం కొప్పి ఫ్రాన్స్ పందెమూ గెలిచాడు. ఒకే యేడు రెండూ గెలిచిన మొదటి మనిషి అతడే. ఆ పందెంలో జూలై 18న, బార్తలికి 35 యేళ్ళు నిండిన రోజున, ఇద్దరూ కలిసి కొండలు దాటి వచ్చారు. ఆ రోజు గెలుపు కొప్పి బార్తలికి వదిలిపెట్టాడు. 1952 ఫ్రాన్స్ పందెంలో కొండ మీద ఇద్దరూ ఒక నీళ్ళ సీసా చేతులు మార్చుకుంటున్న ఫోటో ఒకటి ఉంది. ఎవరు ఎవరికి ఇచ్చారన్నది ఇప్పటికీ తేలని తగువు.

కొప్పి మొత్తం మీద ఇటలీ పందెం అయిదుసార్లు, ఫ్రాన్స్ పందెం రెండుసార్లు గెలిచాడు. 1953లో లుగానోలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1952 ఫ్రాన్స్ పందెంలో అతడి ఆధిక్యం 28 నిమిషాల 17 సెకన్లు. ఇక మొదటి స్థానం మీద ఎవరికీ ఆశ లేదని తేలిపోయి, పందెంలో ఆసక్తి చావకుండా నిర్వాహకులు రెండవ బహుమతి సొమ్మును రెట్టింపు చేయవలసి వచ్చింది.

వెంట నడిచిన పల్లెవాళ్ళు

సైకిల్ పందెం ఒక్కడు గెలిచేది కాదు. జట్టు నాయకుడికి గాలి తగలకుండా ముందు తొక్కేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, టైరు పంక్చరైతే తమ చక్రం ఊడదీసి ఇచ్చేవాళ్ళు ఉంటారు. పాలేరుతనం లాంటి పని అది. పేరు రాదు, ఫోటో పడదు. కొప్పికి ఈ సహాయకులను కవన్నా ఏరి కూర్చాడు. ఎక్కడి నుంచి? చాలామందిని నోవి లిగూరే చుట్టుపక్కల పల్లెల నుంచే. రైతుల పిల్లలు, కూలీల పిల్లలు. కవన్నా తెల్లవారకముందే వాళ్ళను లేపి రోడ్డు మీదకు తోలేవాడు. వాళ్ళలో ఎత్తోరే మిలానో ఒకడు, సాంద్రీనో కర్రేయా ఒకడు.

కర్రేయా అక్కడికి దగ్గరలోని గావి ఊరివాడు. యుద్ధకాలంలో జర్మనీలోని బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో నరకం చూసి బ్రతికి వచ్చినవాడు. 1952 ఫ్రాన్స్ పందెంలో ఒకరోజు కొందరు ప్రత్యర్థులు ముందుకు ఉరికితే, వాళ్ళను కనిపెట్టి ఉండడానికి కర్రేయా వెంట పోయాడు. స్విట్జర్లాండులోని లోజాన్ చేరాక చూస్తే, లెక్కల ప్రకారం పందెంలో ఆధిక్యం అతడిదే. నిర్వాహకులు పసుపు చొక్కా తొడిగారు. మరొకడైతే ఎగిరి గంతేసేవాడు. కర్రేయా ఏడ్చాడు. నాయకుడికి దక్కవలసింది తాను తీసుకున్నానే అని హడలిపోయి కొప్పికి క్షమాపణ చెప్పుకున్నాడు. కొప్పి నవ్వి అభినందించాడు. మరునాడు ఆల్ప్ దుయెజ్ కొండ మీద కొప్పి అందరినీ ఓడించి ఆ చొక్కా తాను తొడుక్కున్నాడు. కర్రేయా నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

కర్రేయా 2013 వరకు బ్రతికాడు. జీవితంలో పసుపు చొక్కా వేసుకున్నది ఆ ఒక్కరోజే.

తమ్ముడి చావు

సేర్సేకు అన్నంత సత్తా లేదు. కాని మనిషి సరదా అయినవాడు, నలుగురినీ నవ్వించేవాడు. ముభావంగా ఉండే అన్నకు అతడే తోడు, అతడే ధైర్యం. 1949లో పారిస్ నుంచి రూబే పందెంలో ఒక వివాదం వచ్చి, చివరకు ఇద్దరిని విజేతలుగా ప్రకటించారు. వాళ్ళలో సేర్సే ఒకడు.

1951 జూన్ 29న తూరిన్ నగరంలో పందెం చివరి దశలో సేర్సే చక్రం ట్రాము పట్టాలో ఇరుక్కుంది. పడ్డాడు. లేచాడు. పెద్ద దెబ్బేమీ కాదనుకుని మళ్ళీ తొక్కి బస చేరాడు. తలలో లోపల తగిలిన దెబ్బ అప్పుడు బయటపడింది. ఆ రోజే ప్రాణం పోయింది. కస్తెల్లానియా శ్మశానంలో పూడ్చారు. కొద్దిరోజులకే మొదలైన ఫ్రాన్స్ పందెానికి ఫౌస్టో వెళ్ళాడు గాని, ఆ యేడు పదవ స్థానంతో సరిపెట్టుకున్నాడు.

నిందలు, కోర్టు

కొప్పికి 1945లో బ్రూనా అనే ఆమెతో పెళ్ళయింది. ఒక కూతురు. తర్వాత జూలియా ఓక్కీని అనే డాక్టరు భార్యతో అతడికి అనుబంధం ఏర్పడింది. ఆమె వేసుకున్న తెల్లకోటును బట్టి పత్రికలు ఆమెకు ‘శ్వేతవనిత’ అని పేరు పెట్టాయి. ఆనాటి ఇటలీలో విడాకుల చట్టం లేదు. వ్యభిచారం నేరం. 1954లో ఇద్దరూ ఒకే ఇంట ఉంటే పోలీసులు వచ్చారు. ఆమెను అరెస్టు చేశారు. 1955లో అలెస్సాండ్రియా కోర్టు ఇద్దరికీ శిక్ష వేసి, అమలు నిలిపివేసింది. వాళ్ళ కొడుకు అదే యేడు అర్జెంటీనాలో పుట్టాడు.

నిన్నటిదాకా జేజేలు కొట్టినవాళ్ళలో చాలామంది ముఖం తిప్పుకున్నారు. చర్చి తప్పుపట్టింది. ఇందులో బ్రూనాకూ, ఆ డాక్టరు ఇంటివాళ్ళకూ కలిగిన బాధ చిన్నది కాదు. ఇటలీలో విడాకుల చట్టం 1970లో గాని రాలేదు. ఇంత జరిగినా కొప్పి దూరదేశం పారిపోలేదు. నోవి లిగూరే దగ్గరే ఇల్లు ఉంచుకున్నాడు. వయసు మీద పడి గెలుపులు తగ్గినా పందేలు మానలేదు.

గుర్తించని జ్వరం

1959 డిసెంబరులో ఆఫ్రికాలోని అప్పర్ వోల్టా దేశం నుంచి పిలుపు వచ్చింది. ఇప్పుడు ఆ దేశం పేరు బుర్కినా ఫాసో. అక్కడి ఉత్సవాల సందర్భంగా రాజధాని వాగడూగూలో పందెం, తర్వాత వేట. కొప్పితోబాటు ఫ్రాన్సు పందెగాళ్ళు ఆంకెతిల్, జెమినియాని మొదలైనవాళ్ళు వెళ్ళారు. కొప్పి, జెమినియాని ఒకే గదిలో పడుకున్నారు. గది నిండా దోమలు.

తిరిగి వచ్చిన కొన్నాళ్ళకు ఇద్దరికీ జ్వరం పట్టుకుంది. అక్కడి నుంచి ఇద్దరి కథా రెండు దారులు పట్టింది.

ఫ్రాన్సులో జెమినియాని స్పృహ తప్పాడు. అతడి రక్తం పరీక్షకు పంపారు. ప్రాణాలు తీసే ఫాల్సిపారం రకం మలేరియా అని తేలింది. క్వినైన్ ఇచ్చారు. బ్రతికాడు. ఎంతకాలం? 2024 జూలైలో, 99 యేళ్ళ వయసులో పోయాడు.

ఇటలీలో కొప్పికి వచ్చింది ఊపిరితిత్తుల జబ్బు, తీవ్రమైన ఫ్లూ అనుకున్నారు. ఆ మందులే ఇచ్చారు. జెమినియానికి మలేరియా అని తేలిందని ఫ్రాన్సు నుంచి కబురు పంపినా అక్కడి వైద్యులు చెవిన పెట్టలేదని జెమినియాని తర్వాత చాలాసార్లు చెప్పాడు. 1960 జనవరి 2 ఉదయం తోర్తోనా ఆస్పత్రిలో కొప్పి కన్నుమూశాడు. వయసు 40 యేళ్ళు. క్వినైన్ ఏమీ దొరకని మందు కాదు. శతాబ్దానికి పైగా యూరపుకు తెలిసినదే.

ఈ జ్వరానికీ మన గడ్డకూ ఒక సంబంధం ఉంది. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఆ మరుసటి యేడు, మనుషుల మలేరియాను మోసేది అనాఫిలిస్ జాతి దోమ అని నిరూపించిన గ్రాస్సి ఇటలీవాడే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డి.డి.టి. చల్లి ఇటలీవాళ్ళు మలేరియాను తరిమేశారు. తరిమేసిన జబ్బు గనుకనే, అది మరో దేశం నుంచి మనిషి వంట్లో కూర్చుని రాగలదన్న సంగతి తోర్తోనాలో ఎవరికీ తట్టలేదు కాబోలు.

మన పల్లెల నుంచి కూలి పనులకు మన్యం పోయేవాళ్ళున్నారు, పరాయి రాష్ట్రాలు పోయేవాళ్ళున్నారు. పోయివచ్చిన తర్వాత చలిజ్వరం వస్తే, ‘ఫలానా చోటికి పోయి వచ్చాను’ అని డాక్టరుకు అడగకముందే చెప్పాలి. వేలిమీద చిన్న పోటు పొడిచి తీసే రక్తపు చుక్కతో మలేరియా ఉన్నదీ లేనిదీ తేలుతుంది. ఇప్పటి కిట్టుతో అయితే పావుగంట, ఇరవై నిమిషాల పని. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్ష, మందు ఉచితం. పక్కవాడికి మలేరియా అని తేలిందని ఎవరైనా కబురు పంపితే దాన్ని పెడచెవిన పెట్టకూడదు.

ఊరు ఏం చేసింది?

కొప్పి అంత్యక్రియలకు వేలాదిమంది గుట్టలెక్కి కస్తెల్లానియా చేరారు. జీవితకాలం పోటీపడిన బార్తలి కూడా వచ్చాడు. అన్నను తమ్ముడి పక్కన పెట్టారు. తర్వాత ఇద్దరికీ కలిపి ఊళ్ళో ఒక స్మారక సమాధి కట్టారు.

కోర్టు కేసు రోజుల్లో లోకం ఏమన్నా, ఊరు మాత్రం అతడిని తన బిడ్డ కాదనలేదు. ప్రతి యేడూ జనవరి 2న చలిలో అభిమానులు అక్కడికి చేరి ప్రార్థన చేస్తారు. కొప్పి పుట్టిన ఇంటిని పాడుపడనివ్వకుండా బాగుచేసి, 2000లో ప్రదర్శనశాలగా తెరిచారు. ఊరి ఇళ్ళ గోడల మీద నిలువెత్తు ఫోటోలు పెట్టారు. ఒక గోడ మీద కొప్పి కొండ ఎక్కుతుంటాడు, మరో గోడ మీద బార్తలితో కలిసి ఉంటాడు.

ఆ ప్రాంతపు కొండపల్లెల్లో చాలావాటి మాదిరిగానే కస్తెల్లానియా నుంచి కూడా జనం పనులు వెతుక్కుంటూ మిలాన్, తూరిన్, జెనోవా నగరాలకు వెళ్ళిపోయారు. మిగిలింది నూరుమంది లోపు. అయినా ఎక్కడెక్కడి నుంచో సైకిళ్ళు తొక్కుకుంటూ వచ్చే జనం ఆ గుట్ట ఎక్కుతూనే ఉంటారు. 2017 ఇటలీ పందెంలో ఒక రోజు పరుగు ఆ ఊరి నుంచే మొదలయింది. ఆ పందెంలో ప్రతి యేడూ అన్నిటికన్నా ఎత్తైన కనుమను ‘చీమా కొప్పి’, అంటే కొప్పి శిఖరం, అని పిలవడం 1965 నుంచి వస్తున్న ఆనవాయితీ.

2024 జూలై 1న ఫ్రాన్స్ పందెం ఇటలీ గడ్డ మీద నడుస్తూ కొప్పి కన్నుమూసిన తోర్తోనా మీదుగా సాగింది. అక్కడి ఒక గుట్టకు కొప్పి పేరు పెట్టారు. ఆ రోజు తూరిన్‌లో గెలిచినవాడు ఎరిట్రియా దేశపు బినియమ్ గిర్మాయ్. ఫ్రాన్స్ పందెంలో ఒక రోజు పరుగు గెలిచిన మొదటి నల్లజాతి ఆఫ్రికా పందెగాడు అతడు.

కస్తెల్లానియాలో పెద్ద మైదానం లేదు, క్రీడా కళాశాల లేదు. పిల్లవాడికి ఆ ప్రాంతం ఇచ్చిందల్లా ఒక ఎగుడు దారి, సైకిల్ కొనడానికి ఇంటివాళ్ళు కూడబెట్టిన డబ్బు, పట్నంలో ఒక గుడ్డి గురువు, పక్క పల్లెల నుంచి వచ్చి వెంట తొక్కిన కుర్రవాళ్ళు. ఆ కుర్రవాళ్ళలో ఎవరి పేరూ ఊరి బోర్డు మీద లేదు. కొప్పి పేరు ఉంది. ఆ పేరు చూసి గుట్ట ఎక్కి వచ్చినవాళ్ళు, కర్రేయా కథ కూడా గుర్తుచేసుకోవాలి.